గోడవైపు కుర్చీ

చౌడేశ్వరి పుట్టిన దగ్గర్నుంచీ పిరికిదే. ఇది ఆమె చాటున అంటున్న మాట కాదు, ఆమే పదిమందిలో చెప్పుకునే మాట. నగరిలో వాళ్ళ వీధిలో పొద్దు పొడిచింది మొదలు మరమగ్గాలు కొట్టుకుంటూనే ఉంటాయి. ఆ చప్పుడులోనే ఉగ్గుపాలు తాగింది, ఆ చప్పుడులోనే ఎక్కాలు వల్లించింది, ఆ చప్పుడులోనే నీట్ పరీక్షకు చదివింది. చప్పుడు ఆమెనేమీ చెయ్యదు. అది ఆగితేనే గుండె గుభేలుమంటుంది. ఆగిందంటే కరెంటు పోయిందని, లేదంటే నూలు రాలేదని, అదీ కాదంటే ఎవరి చెయ్యో మగ్గంలో ఇరుక్కుందని అర్థం. తిరుపతిలో మెడికల్ కాలేజీ హాస్టల్లో చేరిన కొత్తలో ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోలేక, ఫ్యాను రెక్కకు తగిలేటట్టు అట్టముక్క ఒకటి కట్టుకుంది. పక్కమంచం పిల్ల పల్లవి నెలరోజులు ఆ టకటక భరించి, చివరకు అట్టముక్క పీకి కిటికీలోంచి పారేసింది. అప్పటినుంచీ ఇద్దరూ ప్రాణస్నేహితులు.

ఇంత పిరికిదానికి డాక్టరు చదువేమిటని మీరు అడగొచ్చు. ఆ మాట వాళ్ళ నాయన మునెయ్యను అడగాలి. పద్నాలుగో ఏట నుంచీ ఆయన గురప్ప షెడ్డులో మగ్గాలు నడుపుతున్నాడు. అమ్మ దేవకమ్మ ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుడుతుంది. కూతురికి పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన రోజున మునెయ్య షెడ్డులో అందరిముందూ నా బిడ్డ డాక్టరైతాది అనేశాడు. అన్నాక ఇంకేముంది, నాయన మాట పోతుందేమోనని ఈ పిల్లకు భయం. సూది చూసి భయపడుతూ, శవాన్ని చూసి భయపడుతూ, వైవా అంటే మూడు రోజుల ముందునుంచే అన్నం మానేస్తూ, అట్లాగే అయిదేళ్ళూ లాక్కొచ్చింది. ఇప్పుడు హౌస్ సర్జన్. ఇంకో నెలన్నరలో అదీ అయిపోతుంది.

అయిపోయాక అందరూ పీజీ కోచింగుకు పోతారు. చౌడేశ్వరికి మాత్రం కాలేజీ నోటీసు బోర్డు మీద ఇంకొకటి కనబడింది. చదువు ముగించుకుంటున్న మెడికల్ విద్యార్థులకు ఒక ట్రస్టువాళ్ళు ఏడాదిపాటు పరిశోధన ఫెలోషిప్ ఇస్తున్నారు. ఒక పెద్ద ఆస్పత్రిలో ల్యాబు వాళ్ళే చూపిస్తారు, నేర్పేవాళ్ళను వాళ్ళే చూపిస్తారు, ఏడాదీ పోషిస్తారు. ప్రశ్న మాత్రం మనమే తీసుకుపోవాలి. రాష్ట్రం మొత్తానికి రెండే సీట్లు. ఆ కాగితం చదివినప్పుడు ఆమెకు జీవితంలో మొదటిసారి భయంకంటే ఆశ ముందొచ్చింది. ప్రశ్న ఆమె దగ్గర చిన్నప్పటినుంచీ ఉంది. ఇన్నేళ్ళు మగ్గాల మోతలో నిలబడ్డ మనుషుల చెవులు ఏమైనట్టు?

చెవి, ముక్కు, గొంతు విభాగం ప్రొఫెసర్ హరినాథ్ గారు ఆ ప్రశ్న విని ముచ్చటపడ్డారు. విభాగంలో వాడకుండా పడున్న వినికిడి పరీక్ష మిషను చేతికిచ్చి, ముందు కొంతమందికి చేసి చూపించమన్నారు. పని తేలికే. మనిషి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాడు. ఇవతల మనం బొత్తాం నొక్కితే వాటిలో సన్నని కూత వస్తుంది. వినబడితే వేలెత్తాలి. కూత పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోయి, ఎంత సన్నని కూత దాకా వినబడిందో అంకె రాసుకోవాలి. అంకె ఎంత చిన్నదైతే చెవి అంత మంచిది. నియమం ఒక్కటే, కూర్చున్నవాళ్ళకు నొక్కేవాళ్ళ చెయ్యి కనబడకూడదు. అందుకని కుర్చీ గోడవైపు తిప్పాలి. చౌడేశ్వరి దీన్ని నోటుపుస్తకం మొదటి పేజీలోనే ఎర్రసిరాతో రాసుకుంది.

రాసుకుని ఏం లాభం. జనవరిలో, మగ్గాలు ఆపే ఆదివారం పూట, వీధి చివర బడిలో ఒక గది అడిగి తీసుకుని మొట్టమొదట చెంగయ్యను కూర్చోబెట్టింది. ఆయన మునెయ్యకంటే పెద్దవాడు, చౌడేశ్వరిని చిన్నప్పుడు భుజాన వేసుకుని తిప్పినవాడు. కుర్చీ గోడవైపు తిప్పితే ఆయన మెడ తిప్పి ఇటు చూశాడు. సర్ది కూర్చోబెడితే మళ్ళీ చూశాడు.

"మొగం సూడకుండా ఎట్ల కూసునేది పాపా," అన్నాడు. "నీకు ఈపు సూపిస్తే నిన్ను లెక్కసేయనట్టు ఉండదా?"

మగ్గాల దగ్గర పెరిగినవాళ్ళకు ఆ మాట ఎంత నిజమో తెలుసు. ఆ షెడ్డులో నోటిమాట చెవికి చేరదు. పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. వీపు తిప్పారంటే ఇక నీతో నాకు మాటల్లేవని. అలిగినవాళ్ళే అట్లా తిప్పుతారు. తనను మోసిన పెద్దాయనను అట్లా కూర్చోబెట్టడానికి చౌడేశ్వరికి మనసొప్పలేదు. పోనీలే అనుకుని కుర్చీ తనవైపు తిప్పేసింది. ఆయన తర్వాత వచ్చినవాళ్ళంతా అదే కుర్చీలో అట్లాగే కూర్చున్నారు. మూడు ఆదివారాల్లో నలభై ఆరుమంది అయ్యారు.

అంకెలు చూస్తే ఆమె కళ్ళు తిరిగినంత పనయింది. నలభై ఆరుమందిలో ముప్ఫై తొమ్మిదిమందికి చెవులు భేషుగ్గా ఉన్నాయి. మునెయ్యకు వచ్చిన అంకె ఇరవై. పాతికేళ్ళ కుర్రాడికి రావలసిన అంకె అది. హరినాథ్ గారు కాగితాలు తిప్పి తిప్పి చూసి, ఇంత మోతలో వీళ్ళ చెవులు ఎందుకు చెడలేదు, అదీ అసలు ప్రశ్న, దాన్నే రాయి అన్నారు. ఆయన ఒక్క ఆదివారం నగరికి వచ్చి ఆ గదిలో నిలబడి ఉంటే తప్పు అక్కడికక్కడే పట్టుకునేవారు. ఆయనకు తీరలేదు. ఆమె రాసింది, ఆయన సంతకం పెట్టారు, దరఖాస్తు వెళ్ళింది. ఏప్రిల్ చివర ఇంటర్వ్యూకు ఎనిమిదిమందిని పిలిచారు. అందులో చౌడేశ్వరి ఉంది. సత్యవేడు వైపు పొలం పనులకు పోయే ఆడవాళ్ళ రక్తహీనత గురించి రాసిన పల్లవీ ఉంది.

ఈ వార్త నగరిలో ఇంటింటికీ తిరిగింది. షెడ్డు ఓనరు గురప్ప అయితే ఇంటికే వచ్చాడు.

"మగ్గం సప్పుడుకు సెవులేమీ సెడవని నువ్వే తేల్చినావంట గదా పాపా. ఆ కాగితం నాకొకటి ఇయ్యి. లేబరాఫీసరు వచ్చినప్పుడల్లా సెవులు సెవులు అని నా పానం తీస్తాండాడు."

ఇస్తాను మామా అంది చౌడేశ్వరి. తన కాగితం ఒకరికి పనికొచ్చిందని ఆ పూట పొంగిపోయింది కూడా.

ఇంటర్వ్యూ మే నెలలో ఒక గురువారం. దానికి ముందు ఆదివారం ఆమె పుత్తూరు మీదుగా బస్సులో ఇంటికి వచ్చింది, ఒళ్ళో మిషను పెట్టుకుని. ఇంకో నలుగురికి చేసి యాభై నిండించు, వినడానికి బాగుంటుంది అన్నారు హరినాథ్ గారు. వచ్చేసరికి మునెయ్య వాకిట్లో గోడకు తగిలించిన అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. చౌడేశ్వరి ఆయన వెనక తిన్నెమీద కూర్చుంది.

"గురువారం ఇంటర్వ్యూ నాయనా. పదింటికి."

"పదికా. తొమ్మిదికే పోయి కూసో. బస్సులో పోవద్దు, ఆటో మాట్లాడుకో," అన్నాడు మునెయ్య, అద్దంలోంచే కూతుర్ని చూస్తూ.

ఆమె లేచి, తడి తువ్వాలు ఆరేద్దామని పక్కన దండెం దగ్గరకు వెళ్ళింది. అక్కడినుంచి అడిగింది. "యాడ పెట్టినారో తెల్సునా నాయనా?"

జవాబు లేదు. దవడ గీసుకుంటున్నాడు, మాట్లాడితే తెగుతుందని ఊరుకున్నాడులే అనుకుంది. కాసేపాగి నాయనా అని పిలిచింది. కత్తి చెంపమీద తన పాటికి తాను కిందికి దిగుతూనే ఉంది. తువ్వాలు దండెంమీద వేసి మళ్ళీ తిన్నె దగ్గరకు వచ్చింది. అద్దంలో ఆయనకు ఆమె మొహం కనబడింది. ఈసారి ఇంకా మెల్లగా అడిగింది.

"యాడ పెట్టినారో తెల్సునా?"

"తిరప్తిలోనే గదా, బస్టాండు కాడ హోటల్లో. మొన్న నువ్వే సెప్తివి."

చౌడేశ్వరికి అనుమానం తగిలింది. కాదు కాదు అనుకుంటూనే రెండడుగులు పక్కకు జరిగింది, అద్దంలో పడకుండా. మామూలుగా అంది.

"నాయనా, ఇల్లు కాలిపోతాండాది."

లోపల దేవకమ్మ కండెలు చుట్టే రాట్నం ఆగింది. "ఏందే పొద్దున్నే ఆ పాడుమాటలు," అంటూ ఆమె గుమ్మంలోకి వచ్చింది. మునెయ్య గడ్డం కింద నురగ తీరుబడిగా తుడుచుకుంటున్నాడు.

ఇంట్లో మనిషి కదా, ఇన్నేళ్ళు తెలియలేదా అంటారేమో. ఎట్లా తెలుస్తుంది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరి వీపుతోనూ మాట్లాడరు. పుట్టినప్పటినుంచీ ఎదురుగా వచ్చి, మొహం చూపించి, పెదాలు బాగా కదిపి మాట్లాడటమే వాళ్ళకు మర్యాద. దేవకమ్మ మొగుణ్ణి పిలవాలంటే వెళ్ళి భుజం తడుతుంది. కూతురు అదంతా ప్రేమనుకుంది.

బడి గదికి నాయనను ఒక్కణ్ణే తీసుకుపోయింది. ఇది కొత్త పద్ధతి నాయనా, అటు తిరిగి కూసో అని చెప్పి కుర్చీ గోడవైపు తిప్పింది. హెడ్‌ఫోన్లు పెట్టింది. మునెయ్య బుద్ధిగా కుడిచెయ్యి మోకాలిమీద పెట్టుకుని, చూపుడువేలు ఎత్తడానికి సిద్ధంగా ఉంచుకున్నాడు. ఆమె ఇరవై దగ్గర నొక్కింది. వేలు కదల్లేదు. ముప్ఫై, నలభై. యాభై దగ్గర రెండుసార్లు నొక్కింది. అరవై దగ్గర కూడా రెండుసార్లు నొక్కింది. మునెయ్య గోడనే చూస్తూ అడిగాడు.

"ఇంకా మొదులుపెట్టలేదా పాపా?"

డెబ్భై అయిదు దగ్గర వేలు లేచింది.

చౌడేశ్వరి ఎదురుగా వచ్చి నేలమీద కూర్చుంది. జనవరిలో ఎట్ల ఎత్తినావు నాయనా అని అడిగింది.

"ఆపొద్దు నీ బొటనేలు కనబడతాండె గదా. అది నొక్కినప్పుడల్లా ఎత్తినాను. ఒక్కటి గూడా తప్పు పోనీలేదు," అన్నాడు మునెయ్య గర్వంగా. "చెంగయ్యకు, వాళ్ళకందరికీ నేనే సెప్పినాను. ఇది పాప పరీచ్చప్పా, మనం సరిగ్గా ఎత్తితేనే పాపకు మార్కులు, బొటనేలి మీద నుంచి కన్ను తియ్యద్దండి అని."

పడుగులో ఒక్క పోగు తెగినా కనిపెట్టే కళ్ళు అవి. పిల్లదాని బొటనవేలు వాటికి ఒక లెక్కా. మరి ఆ మిగిలిన ఏడుగురి సంగతేమిటి, వాళ్ళకెందుకు చెవులు బాగాలేవని వచ్చింది? ఆ ఏడుగురి పేర్లూ చౌడేశ్వరికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఒకాయనకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఒకామె ఆ రోజు కళ్ళద్దాలు ఇంట్లో మరిచి వచ్చింది. ఏడుగురికీ చూపు ఆనదు. ఆమె మూడు ఆదివారాలు కష్టపడి కొలిచింది చెవులను కాదు, కళ్ళను.

"ఏమైనాది పాపా? మొగం అట్లుండాదే?"

"మిషన్లో ఏదో తేడా ఉండాది నాయనా. సార్‌ను అడగల్ల," అంది. కన్నతండ్రికి నీ చెవులు పోయినాయని చెప్పడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. అబద్ధం చెప్పి, మిషను సర్దుకుని, అన్నం కూడా తినకుండా బస్సెక్కింది.

సోమవారం హరినాథ్ గారి గదికి వెళ్ళి జరిగినదంతా చెప్పింది. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లేచి తలుపు మూసి వచ్చి కూర్చున్నారు.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"నాకు సార్. ఇప్పుడు మీకు."

"అయితే విను. అది చిన్న పరిశీలన, చివరి మాటేం కాదు. ముందు ఫెలోషిప్ రానీ. వచ్చాక ఏడాది టైముంటుంది, సరైన గదిలో సరిగ్గా కొలువు. అంకెలు మారాయని అప్పుడు మనమే రాద్దాం, ఎవరూ ఏమీ అనరు. గురువారం మాత్రం నోరు జారకు. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది."

దుర్మార్గుడేం కాదు ఆయన. ఆమె సీటు పోకూడదనే చెప్పారు, అంతకంటే తన పరువు పోకూడదని చెప్పారు. చౌడేశ్వరికి ఆ మాట సబబుగానే తోచింది. అవును కదా, ఏడాదిలో సరిదిద్దుకోవచ్చు, అందరికీ మంచిదే కదా. అట్లా అనుకున్న గంటసేపు భయం తగ్గింది. తర్వాత వార్డులో ఒక ముసలాయన నాడి చూస్తూ రెండుసార్లు లెక్క తప్పింది. చెబితే సీటు పోతుంది, సార్ పగబడతారు, నాయన పరువు పోతుంది. చెప్పకపోతే ఆ ఏడాదంతా ఏ క్షణాన ఎవరు పట్టుకుంటారో తెలియదు. ఏ పక్కకు తిరిగినా భయమే. ఆఖరికి క్యాంటీనులో పల్లవికి చెప్పేసింది.

పల్లవి టీ గ్లాసు కింద పెట్టింది.

"నన్నడగద్దు మే," అంది. "నువ్వు చెప్పేస్తే నాకే మంచిది. సీటు నాకు రావొచ్చు. చెప్పమంటే నా స్వార్థం, చెప్పద్దంటే తప్పు. ఈ ఒక్కదానికి మాత్రం నన్ను సలహా అడగద్దు."

అప్పటిదాకా ఎన్ని అడిగినా సలహా ఇచ్చిన పిల్ల ఆ మాట అనేసరికి చౌడేశ్వరికి ఏడుపొచ్చింది.

బుధవారం మధ్యాహ్నం గురప్ప ఫోను చేశాడు. "పాపా, ఎల్లుండి లేబరాఫీసరు వస్తాండాడు. అందరికీ సెవుల్లో పెట్టుకునేటివి కొనీమంటాడు. నీ కాగితం ఫోన్లో పంపిస్తే ఆ గోల ఉండదు. అది సూపించినానంటే ఇంక నా జోలికి రాడు."

చౌడేశ్వరి పంపిస్తాననీ అనలేదు, పంపననీ అనలేదు. రేపు చెప్తా మామా అని ఫోను పెట్టేసింది. ఏడాదిలో సరిదిద్దుకోవచ్చన్న మాట అక్కడ చెడింది. ఆ ఏడాదీ ఆ కాగితం గురప్ప జేబులో ఉంటుంది. దాన్ని చూపించి పక్క షెడ్డువాళ్ళు కూడా చెవులకేమీ కాదులే అంటారు. ఇప్పుడు వచ్చిన భయం ఇన్నేళ్ళ భయాల్లాంటిది కాదు. అవన్నీ తనకేమవుతుందోనని.

గురువారం పొద్దున హోటల్ మూడో అంతస్తులో వరండాలో కుర్చీలు వేశారు. తొమ్మిదికే వెళ్ళి కూర్చుంది, నాయన చెప్పినట్టే. తెచ్చుకున్న నీళ్ళన్నీ తాగేసింది. పల్లవి ముందుగా లోపలికి పోయి, పది నిమిషాల్లో బయటికి వచ్చి, ఆమె భుజంమీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది. తర్వాత చౌడేశ్వరి పేరు పిలిచారు.

లోపల ముగ్గురు ఉన్నారు. మధ్యలో నెరిసిన జుట్టు ఉన్న మేడమ్, అటూ ఇటూ ఇద్దరు మగవాళ్ళు. మేడమ్ నవ్వుతూ పలకరించింది. మీ ప్రశ్న మా ముగ్గురికీ నచ్చింది, ఇంత మోతలో ఉండి చెవులు చెడకపోవడం మేమెక్కడా చూడలేదు అంది. కాగితాలు తిప్పుతూ అడిగింది.

"ఈ నలభై ఆరుమందిలో మీవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"మా నాన్న ఉన్నారు మేడమ్."

"అట్లాగా. ఆయన అంకె ఎంత?"

ఇరవై అనాలి. మూడక్షరాల మాట, ఎదురుగా కాగితంలో అచ్చయి ఉన్న మాట. నోరు తెరిచింది. గదిలో చిన్న చప్పుడు కూడా లేదు. మేడమ్ ఎదురుచూస్తోంది. గోడవైపు తిరిగి, మోకాలిమీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న మనిషి చౌడేశ్వరికి కళ్ళముందు కనబడ్డాడు. ఇంకా మొదలుపెట్టలేదా పాపా అంటున్నాడు.

"డెబ్భై అయిదు మేడమ్," అంది. "కాగితంలో ఇరవై అని ఉంటుంది. ఆ కాగితం తప్పు. అందులో అన్నీ తప్పే."

ఆ తర్వాత ఆపినా ఆగేది కాదు. కుర్చీ సంగతి, బొటనవేలి సంగతి, అందరూ కలిసి ఆమెను పాసు చేయించిన సంగతి, చూపు ఆనని ఏడుగురి సంగతి, అంతా చెప్పేసింది. మధ్యలో ఇంగ్లీషు పోయింది, పుస్తకాల తెలుగు పోయింది, నగరి మాటే మిగిలింది. ఎడమవైపు కూర్చున్నాయన కలం కింద పెట్టి అడిగాడు.

"మీ గైడుకు ఇది తెలుసా?"

అన్నింటికంటే ఎక్కువ భయపడ్డ ప్రశ్న ఇదే. "సోమవారం చెప్పినాను సార్," అంది. అంతకుమించి ఒక్క మాట కలపలేదు.

మేడమ్ కాగితాలు మూసింది. "మీరు నోరు విప్పకపోతే ఈ అంకెలే మీకు సీటు తెచ్చిపెట్టేవి. తెలుసా?"

"తెలుసు మేడమ్."

"సరే. వెళ్ళిరండి."

బయటికి వచ్చాక మెట్లమీద కూర్చుని గురప్పకు ఫోను చేసింది. ఆ కాగితం తప్పు మామా, ఎవురికీ సూపించద్దు, మగ్గం సప్పుడుకు సెవులు పోతాయి అంది. గురప్ప ఎప్పుడూ లేనిది గొంతు లేపాడు. "మా ఈదిలో పుట్టి మా నోట్లోనే మన్ను కొడతావా," అని పెట్టేశాడు. మర్నాడు ఆఫీసరు వచ్చి, చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్ళలు అందరికీ కొనివ్వాలని రాసిపోయాడు. అదే రోజు సాయంత్రం ఫెలోషిప్ పేర్లు రెండూ వచ్చాయి. ఒకటి విశాఖ పిల్లవాడిది, ఒకటి పల్లవిది. పల్లవి ఆ పేరు చూసుకుని చౌడేశ్వరిని పట్టుకుని ఏడ్చింది. హరినాథ్ గారు మాట్లాడటం మానేశారు. సోమవారానికల్లా మిషను తెచ్చి ఇచ్చెయ్యమని అటెండరుతో చెప్పించారు.

అంటే చేతిలో ఒక్క ఆదివారం ఉంది. సీటు ఎట్లాగూ పోయింది, ఆ మిషను సోమవారం దాకా తెరవకుండా ఉన్నా అడిగేవాళ్ళు లేరు. కానీ ఆమె నలభై ఆరుమందికీ చెవులు బాగున్నాయనో బాగాలేవనో తప్పుడు మాట చెప్పి వచ్చింది. అది అట్లాగే వదిలేసి ఇంకెప్పుడు నిద్రపోతుంది. మళ్ళీ పరీక్ష చెయ్యాలి, అందర్నీ బడికి రమ్మను నాయనా అని కబురు చేసింది.

ఆదివారం ఆమె వెళ్ళేసరికి బడి గది నిండిపోయింది. చెంగయ్య మొదటి వరసలో, తల దువ్వుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చున్నాడు. చూపు ఆనని ఏడుగురిలో అద్దాలున్నవాళ్ళు ఈసారి మరిచిపోకుండా తెచ్చుకున్నారు.

"పాపకు పోయినసారి తప్పులొచ్చినాయంట. ఈసారి ఒక్కటి గూడా పోనీయమని అందరికీ గట్టిగా సెప్పినాను," అన్నాడు మునెయ్య.

చౌడేశ్వరి ట్రస్టువాళ్ళ ముందు భయపడ్డదానికి పదింతలు భయపడింది. వాళ్ళు ఎవరో, వీళ్ళు తనవాళ్ళు. అందరికీ మొహం కనబడేటట్టు బల్లముందు నిలబడింది. గొంతు పెగల్లేదు. పెగలకపోయినా ఆ గదిలో నష్టం లేదు. షెడ్డులో మాట్లాడినట్టే పెదాలు కదిపి, చేతులు కదిపి చెప్పింది.

"ఈ పరీక్ష నాది కాదు. మీది. మీ సెవులది. నా బొటనేలు సూసి ఎత్తద్దు. సప్పుడు ఇనబడితేనే ఎత్తల్ల. ఇనబడకుంటే ఎత్తనే ఎత్తద్దు."

గదిలో చేతులన్నీ నిలిచిపోయాయి. మునెయ్య కూతురి మొహంలోంచి చూపు తీయకుండా అడిగాడు.

"అయితే నీకు సీటు రాలేదా?"

"రాలేదు నాయనా."

"మా వల్లనా?"

"నా వల్ల. కుర్చీ తిప్పల్సింది నేను."

చెంగయ్య మెల్లగా లేచాడు. "నాకొద్దులే పాపా," అన్నాడు. "సెవులు పోయినాయని తేలితే నా పెండ్లాం కాడికి పోయి ఏమని సెప్పేది." గోడ పట్టుకుని బయటికి నడిచాడు. ఎవరూ ఆయన్ను ఆపలేదు. తలుపు దగ్గర ఇంకో ఇద్దరు ఆయన వెనకే లేచారు.

అప్పుడు మునెయ్య ముందుకు వచ్చాడు. కుర్చీని తనే పట్టుకుని గోడవైపు తిప్పాడు. కూర్చోబోతూ ఆగి, కూతురివైపు చూశాడు.

"నీ పరీచ్చ అనుకున్నన్నాళ్ళు ధైర్యంగా కూసుంటిని పాపా. నాదని తెలిసినాక భయమేస్తాండాది," అన్నాడు.

చౌడేశ్వరి ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, వెనక్కి వచ్చి మిషను ముందు కూర్చుంది. గదిలో మిగిలినవాళ్ళు ఆమె బొటనవేలినే చూస్తున్నారు. ఇరవై దగ్గర నొక్కింది. ముప్ఫై దగ్గర నొక్కింది. మునెయ్య చెయ్యి మోకాలిమీద ఉంది, చూపుడువేలు ఎత్తడానికి సిద్ధంగా ఉంది. నలభై, యాభై, అరవై. వేలు లేవలేదు. ఈసారి ఆయన ఇంకా మొదలుపెట్టలేదా అని అడగలేదు.